ఇంజను చమురు మర: బిగువునకు కొలత

పుస్తకములో చదివిన సూత్రము బ్రదుకులో ఎక్కడ అక్కరకు వచ్చునని పిల్లలు అడుగుట సహజము. బలభ్రామకమను పాఠము అట్టి ప్రశ్నకు మంచి సమాధానము. ఏతము త్రొక్కి నీరు తోడు రైతు, తలుపును బందులకు దూరముగా పట్టి తేలికగా తెరచు బాలుడు, ఇరువురును ఈ సూత్రమునే ఆచరించుచున్నారు. దీనినే పాత మోటారు కారు అడుగుననున్న ఒక చిన్న మరకు అన్వయించి చూతము. మన విద్యార్థుల తల్లిదండ్రులలో బాడుగ బండ్లు నడుపువారును, మరమ్మతు షెడ్లలో పనిచేయువారును, ఇంటి కారును తామే చూచుకొనువారును ఉందురు. అట్టివారికి ఇది కేవలము పాఠము కాదు. ఇంజను ప్రాణమునకును, ఇంటి సంపాదనకును చెందిన విషయము.

ఇంజను అడుగున చమురు నిలుచు తొట్టిని షెడ్లలో ఛాంబరు అందురు. దాని అడుగున గాని ప్రక్కన గాని ఉండు బోల్టే డ్రెయిన్ ప్లగ్గు. పాత చమురును దింపునపుడు దీనిని విప్పి, క్రొత్త చమురు పోయుటకు ముందు మరల బిగింతురు. బోల్టు తలకును ఛాంబరునకును నడుమ సాధారణముగా రాగిదో, అల్యూమినియముదో ఒక వాషరు ఉండును. చమురు కారకుండ ఆపునది ముఖ్యముగా ఈ వాషరే. బోల్టు దానిని తగినంత అదిమి పట్టిన చాలును. అంతకు మించి అదుముట వలన లాభము లేదు.

బిగువు చాలకున్నచో బండి అదురునకు ప్లగ్గు క్రమముగా వదులై, దారిలో ఊడిపడవచ్చును. అప్పుడు చమురంతయు నేలపాలగును. చమురు పీడనము లేని ఇంజను కొద్ది నిమిషములలోనే బేరింగులు అరిగి పట్టుకొనిపోవును. బిగువు మితిమీరినచో కీడు వెంటనే కనబడదు. మర చుట్లు కొంచెము కొంచెముగా సాగి, నాలుగైదు మారులు విప్పి బిగించిన పిమ్మట ఒకనాడు ప్లగ్గు ఊరకే గిర్రున తిరుగును. ఉక్కు బోల్టు మెత్తని అల్యూమినియపు ఛాంబరులో తిరుగునపుడు ఈ ప్రమాదము మరింత ఎక్కువ.

పాత కార్లకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యము. అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. 1983లో వెలువడిన మారుతి 800 తయారీయు ఆ యేడే ముగిసినది. ముంబయి వీధులలో దశాబ్దముల పాటు తిరిగిన ప్రీమియర్ పద్మినీ టాక్సీలు 2023లో సెలవు తీసికొన్నవి. ఇట్టి బండ్లను నేటికిని కాపాడుకొనువారు కలరు. వాని ఛాంబరుల మర చుట్లు ఎన్ని చేతులు మారినవో, ఎన్నిమారులు బిగింపబడినవో చెప్పజాలము. చెడినచో క్రొత్త ఛాంబరు దొరకుట కూడ సులభము కాదు.

ఇక లెక్కకు వత్తము. బలభ్రామకము అనగా పానా కాడ పొడవును, కాడకు లంబముగా ప్రయోగించిన బలమును గుణింపగా వచ్చునది. దీనిని న్యూటను మీటరులలో కొలుతురు. ఒక కిలో బరువును మోయుటకు సుమారు 10 న్యూటనుల బలము వలయును. చిన్న కార్ల ప్లగ్గులకు 30 నుండి 40 న్యూటను మీటరుల బిగువు చాలును. అయినను ప్రతి బండికిని దాని పుస్తకములో చెప్పిన అంకెయే ప్రమాణము. ఉదాహరణకు 35 అనుకొందము. పానా కాడ పొడవు 25 సెంటీమీటరులైనచో 140 న్యూటనులు, అనగా సుమారు 14 కిలోల లాగుడు చాలును. పొట్టి పానా 12.5 సెంటీమీటరులే యున్నచో 280 న్యూటనులు, అనగా సుమారు 28 కిలోలు కావలెను.

చిక్కు ఇచ్చటనే యున్నది. ప్లగ్గు ప్రక్కన సైలెన్సరు గొట్టమో, అడ్డదూలమో ఉన్నపుడు పొడవు పానా పట్టదు. వెల్లకిల పరుండి, మోచేయి చాపుటకు వీలులేక, పొట్టి పానాతో శక్తికొలది బిగింపవలసివచ్చును. చేతికి ఆ శ్రమయే అలవాటగును. ఒకనాడు ఆ కాడకు గొట్టము తొడిగి 50 సెంటీమీటరులు చేసి, అలవాటు ప్రకారము 28 కిలోల బలముతో లాగినచో బిగువు 140 న్యూటను మీటరులగును. వలసినదానికి ఇది నాలుగింతలు. చేయి అబద్ధమాడలేదు, అది బలమునే ఎరుగును గాని కాడ పొడవును ఎరుగదు. కావున ఇరుకుచోట బిగువును చేతి తృప్తినిబట్టి నిర్ణయింపరాదు.

ఇరుకునకు తగిన పనిముట్లు కలవు. సాధారణపు డబుల్ పానా నోరు కాడకు 15 డిగ్రీల వాలుతో ఉండును. ఒకమారు త్రిప్పి, పానాను బోర్లించి మరల పెట్టినచో 30 డిగ్రీల చోటు చాలును. పండ్రెండు మూలల రింగు పానాకును 30 డిగ్రీలే చాలును. 72 పండ్లుగల రాచెట్టు 5 డిగ్రీలకు ఒకమారు పట్టు తీసికొనును. అయితే తుది బిగింపునకు ఆరు మూలల సాకెట్టు గాని, రింగు గాని వాడుట మేలు. నోరు తెరచిన పానా బోల్టు మూలలను అరగదీయును. సాకెట్టునకు నిలువుగా తొడుగు పొడవు కడ్డీ వలన బిగువు మారదు, ఏలయన అది పానా కాడను పొడిగించుట లేదు.

టార్కు పానా చివర పక్కకు చాచుకొను పానా ముక్కను తగిలించినపుడు మాత్రము లెక్క మారును. పానా పొడవు 35 సెంటీమీటరులు, ముక్క దానికి సూటిగా 5 సెంటీమీటరులు చాచియున్నచో మొత్తము 40. అప్పుడు 35 న్యూటను మీటరుల బిగువునకు పానాను 35 × 35 ÷ 40, అనగా సుమారు 30.6 వద్ద నిలుపవలెను. ముక్కను కాడకు లంబముగా పెట్టినచో ఈ సవరణ అక్కరలేదు.

టార్కు పానా లేనివారు నిరాశ చెందనక్కరలేదు. సామాను తూచు కొక్కెపు త్రాసు ఒకటి చాలును. 25 సెంటీమీటరుల దూరమున రింగు పానా కాడకు త్రాడు కట్టి, త్రాసును కాడకు లంబముగా మెల్లగా లాగి, 14 కిలోలు చూపగానే ఆపినచో వలసిన బిగువు దాదాపు లభించును. ఆ ఇరుకులో త్రాసును లాగుటకు చోటున్నదో లేదో ముందుగా చూచుకొనవలెను.

పని క్రమము ఇట్లుండవలెను. కారును సమతలమున నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు అడ్డులు పెట్టవలెను. జాకీ ఒక్కదానిపై నిలిచిన కారు క్రిందికి ఎన్నడును పోరాదు. గట్టి స్టాండ్లు ఉండితీరవలెను. చమురు గోరువెచ్చగా ఉండవచ్చును గాని కాలునంతగా ఉండరాదు. దింపిన పిమ్మట ప్లగ్గును, ఛాంబరు మర చుట్లను శుభ్రముగా తుడువవలెను. చమురంటిన చుట్లపై ఘర్షణ తగ్గి, అదే కొలతకు బిగువు మించిపోవును. క్రొత్త వాషరు వేసి, మొదటి చుట్లను వ్రేళ్లతోనే త్రిప్పవలెను. వ్రేళ్లకు అడ్డుపడినచో మర వంకరగా ఎక్కుచున్నదని గ్రహించి, వెనుకకు తీసి మరల ఎక్కింపవలెను. బోల్టు తలను ఎదురుగా చూచుచున్నట్లు భావించి, గడియారపు ముళ్లు తిరుగు దిక్కున బిగింపవలెను. వెనుకనుండి చేయి పెట్టునపుడు ఈ దిక్కు తారుమారుగా తోచును. కొలత చేరిన తరువాత ‘ఇంకొక్క పట్టు’ అని లాగరాదు. క్రొత్త చమురు పోసి, ఇంజను నడిపి, పీడనపు ఎఱ్ఱదీపము ఆరినదా, ప్లగ్గు వద్ద తడి యున్నదా అని చూడవలెను. పాత చమురు చర్మమునకు హానికరము. చేతులు సబ్బుతో కడుగుకొని, ఆ చమురును కాలువలో పారబోయక, దానిని శుద్ధిచేయువారికి చేరునట్లు చూడవలెను.

తల్లిదండ్రులకొక మనవి. షెడ్డులో ఈ వస్తువుల పేర్లు ఊరి భాషలో వినబడవచ్చును, ఇంటిలో మరియొక తీరుగా పలుకవచ్చును. బడిలో తెలుగున చదివిన బలభ్రామకము మాత్రము అన్నిచోట్లను ఒక్కటే. ఆ సంగతి పిల్లవానికి తెలిసినచో చదువునకును చేతిపనికిని నడుమ గోడ ఉండదు. కావున ఈ లెక్కను ఇంటిలో వారిచేత చేయింపుడు: కాడ పొడవు 30 సెంటీమీటరులు, వలసిన బిగువు 36 న్యూటను మీటరులు. త్రాసు ఎన్ని కిలోలు చూపగానే ఆపవలెను? సుమారు 12 అని చెప్పిన బిడ్డ పాఠమును గ్రహించినట్లే.