ఇంటిముంగిట నీటితోట

1883వ సంవత్సరమున బెంగుళూరు దండులో రొనాల్డ్ రాస్ అను యువ సైనికవైద్యుడు కాపురముండెను. ఆయన బసలో దోమల బాధ మిక్కుటము. వెదకి చూడగా, కిటికీ వెలుపలనున్న నీటితొట్టిలో దోమపిల్లలు తేలియాడుచుండెను. తొట్టి నీరు పారబోయగనే దోమలు తగ్గిపోయెను. ఆయనయే 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొని లోకప్రసిద్ధుడయ్యెను.

నీటితోట వేయబూనువారు ఈ కథను ముందుగా తెలిసికొనవలెను. నిలువనీటిలో ఏదో యొక ప్రాణి చేరియే తీరును. ఎండకాలమున దోమగ్రుడ్డు దోమయై యెగిరిపోవుటకు వారము పదిదినములు చాలును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమకు మురుగుకంటె తేటనీరే ప్రీతి. కనుక తొట్టి పెట్టదలచినవారు అందు చేపలను కూడ పెంపవలెను. లేనియెడల తొట్టియే వలదు.

పాత్రకై హెచ్చు వ్యయము పనిలేదు. పాతబడిన కుడితిగోలెము, వాడుకలో లేని గాబు, బావికి వాడు సిమెంటు వర, ఇవన్నియు పనికివచ్చును. వరకు అడుగున గచ్చు చేయించిన చాలును. ఇత్తడి గంగాళము, రాగి కాగు మాత్రము తగవు. రాగి నీటిలో కరగి చేపలకు విషమగును. మూడడుగుల వెడల్పుగల వరలో అడుగు లోతు నీరు నింపినచో సుమారు 200 లీటర్లగును. అనగా నీటి బరువే 200 కిలోలు. మిద్దెపైన పెట్టగోరువారు ఈ లెక్కను మరువరాదు.

ఇక మా పొరపాటు చెప్పెదము. మొదటిమారు మా పాఠశాల పెరటిలో క్రొత్త వర దించి, గచ్చు ఆరగనే కుళాయినీరు నింపి, ఆ సాయంకాలమే ఇరువది చేపలను విడిచితిమి. బాలురందరు చప్పట్లు చరచిరి. మూడవనాటి ఉదయమునకు పదునెనిమిది వెల్లకిల పడి తేలినవి. మూడవ తరగతి బాలిక యొకతె, “నీళ్ళు తేటగానే ఉన్నాయి కదండీ మాస్టారూ, ఎందుకు చచ్చిపోయాయి?” అని యడిగెను. అప్పుడు మాకు ఉత్తరము తోచలేదు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసికొనుటకే తరువాత చదివితిమి, పెద్దల నడిగితిమి.

కారణములు మూడు. క్రొత్త సిమెంటునుండి సున్నము ఊరి నీటిని క్షారముగా మార్చును. కుళాయినీటిలో క్రిములను చంపుటకు కలిపిన క్లోరిన్ చేపల మొప్పలను దహించును. మూడవది కంటికి కానరానిది. చేపల మలినమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. ఇది విషము. పాత చెరువులో ఒక తెగ సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు అంత హాని చేయదు, పైగా మొక్కల కాహారము. క్రొత్తతొట్టిలో ఈ జీవులు తగినంతగా నుండవు. అవి వృద్ధిపొందుటకు కొన్ని వారములు పట్టును. అప్పటికిగాని నీరు పాకమునకు రాదు. తేటనీరు వేరు, పాకమునకు వచ్చిన నీరు వేరు.

రెండవమారు తొందరపడలేదు. రెండు మూడు వారములు నీరు నింపుచు, పారబోయుచు సున్నమును కడిగివైచితిమి. (అరటిబోదె ముక్కలు నానవేసినచో సున్నపు ఘాటు విరుగునని కొందరందురు, మేము నీటినే నమ్ముకొంటిమి.) తరువాత వెడల్పైన కుండీలో చెరువు బంకమన్ను నింపి, కలువదుంప నాటి, పైన ఇసుక పరచి తొట్టిలో దింపితిమి. పచ్చి యెరువు వేయరాదు, నీరు కుళ్లును. కలువకు దినమునకు ఐదారు గంటల యెండ కావలెను. కొంచెము నాచును కూడ వేసితిమి. మా తోటమాలి కన్నడమువాడు. తామరను చూపినచో “తావరె” యనును. కలువను “నైదిలె” యనును. మొదటిపేరు పిల్లలకు వెంటనే పట్టుబడెను గాని, రెండవదానిని పలుకుటకు వారము పట్టినది!

చేపలను మొదట నాలుగింటినే విడిచితిమి. గప్పీలు చౌక, మొండివి, దోమపిల్లలను ఆత్రముగా తినును. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును గనుక సంఖ్య తానే పెరుగును. మన దేశపు కాలువలలోను, వరిమడులలోను తిరుగు పాంకాక్సు జాతి చేప మరింత అందమైనది. దాని నుదుట వెండిచుక్క మెరయుచుండును. నీటి పైపొరలోనే వేటాడును. ఎగిరి వెలుపల పడును గనుక తొట్టి అంచువరకు నీరు నింపరాదు.

మేత రెండు మూడు నిమిషములలో తినివేయునంతయే వేయవలెను. ప్రేమచే పిడికెడు మరమరాలు వేయువారే చేపలను చంపుచున్నారు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో ఆకలియని తలంపకుడు. పగలు మొక్కలు ప్రాణవాయువు నిచ్చును. రాత్రి అవియు దానినే పీల్చుకొనును. కావున వేకువకు నీటిలో ప్రాణవాయువు తక్కువగును. అప్పుడు కొన్ని చేపలను తీసివేయవలెను, దట్టమైన నాచును పలుచన చేయవలెను.

గప్పీలు హెచ్చైనచో చెరువులో వదలుట దయయని పిల్లలు తలంతురు. అది తప్పు. దోమల నివారణకై పరదేశమునుండి తెచ్చి విడిచిన గాంబూసియా చేప మన చేపల గ్రుడ్లను, పిల్లలను తినివేయుచున్నది. దక్షిణ అమెరికానుండి అందమైన పువ్వుగా వచ్చిన గుర్రపుడెక్క నేడు కొల్లేటిని కూడ కప్పివేయుచున్నది. మిగిలిన చేపలను తోటివిద్యార్థికి ఇండు. తీసివేసిన మొక్కలను ఎండబెట్టి పాదులలో వేయుడు.

పసిబిడ్డలున్న యింట తొట్టిపై ఇనుపజాలి తప్పక యుండవలెను. అడుగు లోతు నీరును వారికి ప్రమాదమే. ఆ జాలి కొంగలను, లకుముకిపిట్టలను కూడ ఆపును.

వేసవి సెలవులలో ఊరికి పోవునప్పుడు చేపలు కొలదిదినములు మేత లేకయే బ్రదుకును గాని, నీరు ఇగిరిపోవుట నాగదు. పొరుగింటివారికి మేతడబ్బా ఇయ్యకుడు. ఒక బిందె కుళాయినీరు పట్టి, మూత పెట్టక ఒకదినము ఉంచి, మరునాడు తొట్టిలో పోయుమని మాత్రము చెప్పి వెళ్లుడు. ఖాళీయైన బిందెను బోర్లించి పెట్టుమని కూడ చెప్పుడు.