రెండంగుళముల కొరత

సంతానమును పెంచుట గృహస్థధర్మములలో మిక్కిలి భారమైనది. పూజలో లోపము జరిగినచో ప్రాయశ్చిత్తము చెప్పు శాస్త్రము కలదు. పిల్లల పెంపకములో జరిగిన లోపమునకు అట్టి సులభమైన విధి కానరాదు. అందుచేతనే కాబోలు, ‘నేను మంచి తల్లిని కాలేకపోతిని’, ‘తండ్రిగా నా బిడ్డకు ఏమియు చేయలేకపోతిని’ అను చింత భక్తిగల ఇండ్లలో సైతము తరచుగా వినబడుచుండును.

2022 నుండి తిరుపతి జిల్లాలో చేరిన పాకాల వంటి ఊరిలో ఈ చింతకు మరియొక కారణము కూడ కలదు. తిరుపతి నుండి కాట్పాడి పోవు రైలుమార్గమును ధర్మవరము మార్గము కలియు జంక్షను అది. రైలు కొలువులోని తండ్రి వేకువన బయలుదేరునప్పుడు బిడ్డ నిద్రలో నుండును. మరునాటి రాత్రి తిరిగి వచ్చునప్పటికిని నిద్రలోనే యుండును. పొట్టకూటికై బెంగుళూరికో చెన్నైకో పోయి, బిడ్డలను అవ్వతాతల యొద్ద విడిచిన వారి సంగతియు నిట్టిదే. పండుగకు వచ్చిన తల్లిని చూచి బిడ్డ అవ్వ కొంగు చాటునకు పోయినచో ఆ తల్లి పడు బాధ ఇంతింత కాదు.

ఈ బాధ క్రొత్తది కాదు. తిరుమలలో గర్భాలయపు గడపను కులశేఖరపడి యందురు. శ్రీవారి సన్నిధిలో మెట్టుగానైనను పడియుండవలెనని కోరిన కులశేఖర ఆళ్వారు పేర అది ప్రసిద్ధము. ఆ ఆళ్వారే పెరుమాళ్ తిరుమొళిలో ఒక దశకమును దేవకీదేవి మాటలుగా పాడెను. కన్నతల్లియై యుండియు జోలపాడు భాగ్యమునకు నోచుకొనలేదని వగచి, ఆమె తల్లులలో తన్ను కడపటిదానిగా ఎంచుకొనును. మరియొక దశకము రాముని అడవికి పంపిన దశరథుని శోకము. తల్లిదండ్రుల అపరాధభావమును ఆళ్వారు దాచలేదు, గద్దింపలేదు. స్వామి యెదుట పాడదగిన మాటగా చేసెను.

దేవకీవసుదేవుల కథ భాగవత దశమస్కంధములో ముందునకు సాగును. కంసవధానంతరము శ్రీకృష్ణుడు వారికడకు వచ్చి, తమ బాల్యపు ముచ్చట వారికి దక్కలేదనియు, తల్లిదండ్రుల ఇంట పెరుగు సుఖము తమకును దక్కలేదనియు చెప్పి, సేవ చేయలేకపోయినందుకు తానే మన్నింపు వేడును. చెరసాల ఆ దంపతులు కోరుకొన్నది కాదు గదా! మన పిల్లలందరును అట్లే మాటలాడుదురని చెప్పజాలము. కాని ఎడబాటును, ప్రేమలోపమును ఒకటిగా లెక్కించుట న్యాయము కాదు.

ఇక దగ్గరనే యుండి పెంచిన యశోద సంగతి. అల్లరి చేసిన బాలుని రోటికి కట్టబోగా త్రాడు రెండంగుళములు తక్కువాయెను. మరియొక త్రాడు ముడివేసెను. మరల రెండంగుళములే తక్కువ. ఇంటనున్న త్రాళ్ళన్నియు తెచ్చినను కొరత పెరుగలేదు, తరుగలేదు. ఇచ్చట మనము కొంచెము ఆగవలెను. దోషము త్రాటిదే యైనచో రెండవ త్రాటితో తీరవలసినది. కనుక ఆ కొరత ఆమె చేతిలోనిది కాదు. ఒక అంగుళము మన ప్రయత్నము, రెండవది భగవదనుగ్రహము అని పెద్దలు దీనికి అర్థము చెప్పుదురు. చెమట పట్టి, కొప్పులోని పూలు రాలి, అలసిన తల్లిని చూచి స్వామి తానే కట్టుబడెను.

ఈ ఘట్టమును చెప్పి ‘అంతయు దేవునికి విడిచిపెట్టుడు’ అని ఓదార్చువారు కలరు. అది సరికాదని నా తలంపు. యశోద త్రాడు విడువలేదు. చేతగానిదాననని కూర్చుండి ఏడ్వనూ లేదు. మరియొక త్రాటికై లోనికి పోయెను. మన ఇండ్లలో ఆ మరియొక త్రాడు చాల చిన్నది. కోపమున కొట్టిన నాటి రాత్రి బిడ్డను దగ్గరకు తీసికొని తప్పు నాదే నాయనా అని చెప్పుట. డ్యూటీ నుండి అలసి వచ్చినను పది నిమిషములు ప్రక్కన కూర్చుండుట. దూరమున నున్నవారు ఫోనులో మార్కులు అడుగుటకు ముందు ఏమి తింటివని అడుగుట. పొరుగింటి పిల్లవానికి ఇంజనీరింగు సీటు వచ్చెననుట మాత్రము త్రాడు కాదు, కొలబద్ద.

ఇంకొక మాట. చింత వేరు, వ్యాధి వేరు. ప్రసవానంతరము రెండు వారములు దాటినను తీరని దుఃఖము, నిద్రలేమి, బిడ్డపై మమత కలుగలేదను భయము, ఇవి భక్తిలోపములు కావు; వైద్యునికి చూపవలెను. చావవలెనను తలంపు వచ్చినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. ఇంటనున్న అత్తగారు ‘మేము కనలేదా, పెంచలేదా’ అనుట కంటె, ఒక రాత్రి పసిబిడ్డను తామెత్తుకొని కోడలిని నిద్రపోనిచ్చుట మేలు.

అంత చేసిన యశోదకును ఒక కొరత మిగిలెను. కృష్ణుని వివాహము ఆమె కన్నులార చూడలేదు. ఆ కోరిక తీరుటకే ఆమె వకుళమాతగా వచ్చి శ్రీనివాసుని పెండ్లి నడిపెనని ఈ ప్రాంతపు ఐతిహ్యము. తిరుపతి చెంత పేరూరుబండపై బహుకాలము శిథిలమై యుండిన ఆ తల్లి ఆలయము పునర్నిర్మింపబడి, 2022 జూన్ నెలలో భక్తుల దర్శనమునకు తెరువబడినది.