నాలుగు గోడల నడుమ వేట

'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అన్న సామెత తెలుగువారికి చిరపరిచితం. పిల్లి విషయంలో ఆట, వేట వేర్వేరు కావని పూర్వులు ఏనాడో గమనించారు. నేడు నగరంలోని అపార్ట్‌మెంటులో పెరిగే పిల్లికి ఎలుక కనబడదు. దొడ్డి లేదు, గాదె లేదు, ఎక్కి తిరగడానికి పెంకుటింటి కప్పు లేదు. వేళకు గిన్నెలో ఆహారం లభిస్తుంది. వేటాడే సహజ ప్రవృత్తి మాత్రం దానిని విడిచిపోలేదు.

పెంపుడు పిల్లికి మూలజాతి ఆఫ్రికా అడవిపిల్లి. ధాన్యాన్ని నిల్వ చేయడం నేర్చిన మానవుని చెంతకు అది ఎలుకల కోసం చేరి, క్రమంగా మచ్చికైంది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి మానవ సమాధి చెంత పిల్లి అస్థిపంజరం బయల్పడింది. ఇంత ప్రాచీనమైన ఈ స్నేహానికి వేటయే పునాది. కనుక వేటకు తావులేని ఇంట పిల్లిని ఉంచిన మనిషే ఆ లోటును తీర్చాలి.

పగలు ఇంటివారు పనులకు వెళ్తారు, పిల్లి నిద్రిస్తుంది. రాత్రి వారు శయనించే వేళకు అది కాలుగాలిన పిల్లి అన్న మాటను నిజం చేస్తుంది. తెరలను చీలుస్తుంది, దుప్పటి కింద కదిలే పాదాన్ని కరుస్తుంది. ఇది పొగరు కాదు, తీరని వేట. ఈ సంగతి ఎరుగని కొందరు దానిని దండిస్తారు; మరికొందరు దూరపు వీధిలో విడిచివస్తారు. ఇంట పెరిగిన ఆ ప్రాణికి వీధిలో బ్రతకడం తెలియదు.

దీనికి నివారణ సులభం. ఉదయం ఒకమారు, రాత్రి ఇంటివారు నిద్రించే ముందు ఒకమారు, పది నుంచి పదిహేను నిమిషాలు నియమిత వేళలో పిల్లిని ఆడించాలి. కర్రకు దారంతో కట్టిన ఈక ఇందుకు చాలు. అది ఎలుక వలె నేలపై పాకాలి, తలుపు చాటున దాగాలి, ఆగి మరల కదలాలి. దానిని పిల్లి ముఖం మీదికి విసరరాదు; ఏ ఎలుకా పిల్లికి ఎదురురాదు కదా! పొంచడం, తరమడం, దూకడం, పట్టడం అనే నాలుగు దశలూ పూర్తయితేనే వేట ముగుస్తుంది. కాబట్టి చివరకు ఈకను పిల్లికి చిక్కనిచ్చి, వెంటనే ఆహారం పెట్టాలి. తిన్న పిల్లి ఒళ్లు నాకుకొని నిద్రకు ఉపక్రమిస్తుంది. లేజర్ కాంతిచుక్క ఎన్నటికీ పంజాకు చిక్కదు. అందువల్ల దానితో ముగిసే ఆట తృప్తినివ్వదు.

కొన్ని జాగ్రత్తలు అవసరం. చేతివేళ్లతో ఆడిస్తే పిల్లికి కరిచే అలవాటు అవుతుంది. దారం మింగితే ప్రేగులకు చిక్కుకొని ప్రాణాపాయం కలుగవచ్చు. కనుక ఆట ముగియగానే దానిని దాచాలి. పిల్లి నోరు తెరచి వగరిస్తే ఆట ఆపాలి.

2021లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బయట తిరిగే పిల్లులపై ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు ఆడించినపుడు, అవి వేటాడి ఇంటికి తెచ్చే జీవుల సంఖ్య సుమారు 25 శాతం తగ్గింది. ఆట కొంతమేరకు వేటకు బదులు కాగలదని దీనివల్ల తెలుస్తున్నది. ఇంటివారు కేటాయించే ఆ కొద్ది నిమిషాలే పిల్లికి దొడ్డి, గాదె, పెంకుటిల్లు.

అర్థాలు
చెలగాటం = ఆట, వినోదం
ప్రవృత్తి = స్వభావం
శయనించు = పడుకొను
ఉపక్రమించు = ప్రారంభించు

ప్రశ్నలు
1. రాత్రివేళ పిల్లి చేసే అల్లరికి కారణమేమి?
2. ఆట చివర ఈకను పిల్లికి ఎందుకు చిక్కనివ్వాలి?