కృతమును ఎరిగినవాడు



‘కృతజ్ఞుడు’ అనే పదాన్ని నేను 40 ఏళ్లు పాఠశాలలో బోధించాను. ‘కృతం జానాతి ఇతి కృతజ్ఞః’ అని విగ్రహవాక్యం చెప్పి, చేసిన మేలును ఎరిగినవాడు అని అర్థం వివరించేవాణ్ణి. విద్యార్థులు తప్పు లేకుండా అప్పగించేవారు, నేను తృప్తి పడేవాణ్ణి. అయితే ఆ పదంలోని ‘ఎరుక’ నాకు బోధపడినది మాత్రం 74వ ఏట, అంబర్‌పేటలో మా ఇంటి నల్లా దగ్గర.

మా వీధికి మంచినీరు దినం విడిచి దినం వస్తుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు వచ్చి, గంటసేపు ఉండి ఆగిపోతుంది. నేను లేచేసరికి స్నానానికి నీళ్లు, సంధ్యకు పంచపాత్ర సిద్ధంగా ఉండేవి. అనుష్ఠానం ముగించుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి నడకకు వెళ్లేవాణ్ణి. ఆర్ట్స్ కళాశాల ఎదుట కాసేపు కూర్చొని, ఓపిక ఉన్ననాడు తార్నాక దాకా వెళ్లి వచ్చేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి పూజకు కలశం, త్రాగడానికి రాగిచెంబు నిండి ఉండేవి. ఏనాడైనా చెంబు వెలితిగా ఉంటే అడిగేవాణ్ణి. నిండుగా ఉన్ననాడు ఎన్నడూ గమనించలేదు.

గత మాఘమాసంలో మా ఇల్లాలు జ్వరంతో మంచం పట్టింది. ఆ వేకువన నల్లా చప్పుడుకు నేనే లేచాను. మొదట వచ్చే నీటిని మొక్కలకు వదలాలని, ఆ తరువాత బిందె మూతికి గుడ్డ కట్టి త్రాగే నీరు పట్టాలని, వాడుక నీటి డ్రమ్ము చివరన నింపాలని నాకు తెలియదు. మంచం మీది నుండే ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. 12 బిందెలు మోసేసరికి నడుము పట్టేసింది. గడప మీద కూర్చొని లెక్క వేశాను. ఆ ఇంటికి వచ్చి 31 సంవత్సరాలు. దినం విడిచి దినమంటే 5,600కు పైగా వేకువలు! కలశంపై చేయి ఉంచి ప్రతిదినం గంగా యమునా గోదావరులను ఆవాహన చేశాను గాని, ఆ నీటిని కలశం దాకా తెచ్చిన చేతులను ఒక్కనాడూ తలచలేదు.

నేను కృతఘ్నుణ్ణా? చేసిన మేలును హతమార్చేవాడు కృతఘ్నుడు. నేను హతమార్చలేదు, చూడలేదు, అంతే. ఆ సమాధానంతో ఊరట పొందబోయాను. కాని శ్రీమద్రామాయణంలోని కిష్కింధాకాండ గుర్తుకు వచ్చింది. సుగ్రీవునికి శ్రీరామునిపై ద్వేషం లేదు. రాజ్యసుఖంలో పడి చేసిన ప్రతిజ్ఞ మరచాడు, అంతే. అయినా లక్ష్మణస్వామి ఆగ్రహంతో వచ్చి, మహాపాతకాలకైనా ప్రాయశ్చిత్తం ఉన్నది గాని కృతఘ్నునికి లేదని హెచ్చరించాడు. సుఖం అలవాటైనచోట మరపు సహజంగా వస్తుంది. మేలు చేసినవారి వైపు నుండి చూస్తే ఆ మరపునకూ ద్వేషానికీ భేదం స్వల్పమే. వాల్మీకి మహర్షి నారదులవారిని ప్రశ్నించినప్పుడు ‘ధర్మజ్ఞుడు’ అన్న వెంటనే ‘కృతజ్ఞుడు’ అనడంలోని ఔచిత్యం నాకు అప్పుడు స్ఫురించింది. ఎవరి వలన ఏమి పొందామో ఎరుగనివాడు తన ధర్మమేమిటో ఎట్లా ఎరుగగలడు?

ఎరుక ఒకసారి మొదలైతే ఒక్క మనిషి దగ్గర ఆగదు. మా పేట ప్రక్కనే మూసీనది పారుతున్నది. 1908 సెప్టెంబరులో ఆ నది పొంగి ఈ నగరంలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయి, వరదను ఆపడంతో పాటు నగరవాసుల దాహాన్నీ తీర్చాయి. నేడు నాగార్జునసాగర్ నుండి కృష్ణాజలం 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఈ నగరానికి చేరుతున్నది. రాళ్లు మోసిన కూలీలు, గొట్టాలు వేసినవారు, రాత్రివేళ మోటారు నడిపేవారు, చివరకు మా ఇంట బిందె ఎత్తిన ఇల్లాలు, వీరందరూ నా రాగిచెంబులో ఉన్నారు. చెంబు మారలేదు, నీరు మారలేదు. ఇదివరకు వెలితి వైపు నుండి చూసేవాణ్ణి, ఇప్పుడు వచ్చిన దారి వైపు నుండి చూస్తున్నాను.

అయితే ఎరుకతోనే ఋణం తీరదు. పెద్దలు దేవ, ఋషి, పితృ, మనుష్య, భూత యజ్ఞాలను నిత్యకర్మలుగా విధించారు. అవి మాటతో తీరేవి కావు, చేతితో చేయవలసినవి. కనుక ఆమె కోలుకున్న తరువాత కూడా నీళ్లు వచ్చేనాడు నాలుగు గంటలకు నేనూ లేస్తున్నాను. ఆరు బిందెలు నావి, ఆరు ఆమెవి. మొదటినాడు సిగ్గు విడిచి, “ఇన్నేళ్లూ నువ్వు పట్టిన నీళ్లతోనే నా సంధ్య, నా పూజ జరిగాయి” అన్నాను. ఆమె నవ్వి, “బిందె బరువు తెలియడానికి ఇన్నేళ్లు పట్టిందా మీకు?” అన్నది. ఆ ప్రశ్నకు నా శాస్త్రంలో సమాధానం లేదు. బిందె ఎత్తుకున్నాను.

పాఠకులకు ఒక చిన్న అభ్యాసం మనవి చేస్తాను. రేపు ఉదయం నీరు గాని, కాఫీ గాని నోటికి అందుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. అది మీ చేతికి రావడానికి శ్రమించినవారిలో ఒక్కరినైనా తలచుకోండి. వారు మీ ఇంటనే ఉంటే, ఆ రోజే వారి పనిలో ఒక పాలు పంచుకోండి. వారు ఉండగానే ఎరగడం మన భాగ్యం.

స్వస్తి.