వృత్తియు, ఉత్సాహమును

కళారంగమున "వృత్తి కళాకారుడు", "ఔత్సాహికుడు" అను మాటలు తరచు వినవచ్చుచుండును. వీనిలో ఒక్కొక్క మాటకు ఒక్క అర్థమే కలదని తలచుట పొరపాటు. వృత్తి యనగా జీవనోపాధి. కళతో పొట్ట పోసికొనువాడు వృత్తి కళాకారుడు. కాని లోకవ్యవహారమున ఆ మాటకు ఆరితేరినవాడను అర్థము కూడ చేరినది. అట్లే ఔత్సాహికుడనగా ప్రతిఫలమాశింపక కేవలము మక్కువతో పనిచేయువాడు. చేయి తిరుగనివాడను చిన్నచూపు ఆ మాటకు పిదప అంటుకొన్నది. ఒక అర్థము కూటికి సంబంధించినది, మరియొకటి నేర్పునకు సంబంధించినది. రెంటిని కలగాపులగము చేయుట వలననే చిక్కులన్నియు.

బళ్లారి రాఘవ (1880-1946) న్యాయవాది. నటన ఆయనకు ఉపాధి కాదు. కూటి లెక్కన చూచినచో ఆయన ఔత్సాహికుడే. నేర్పు లెక్కన ఆయనను ఆ మాట అనుటకు ఎవరికి నోరాడును? ఇక 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధ నాటకముతో ఆరంభమైన సురభివారి సంగతి వేరు. వారికి నాటకమే కూడు. తల్లిదండ్రులు, బిడ్డలు అందరును రంగమెక్కుదురు. డబ్బు తీసికొన్నంత మాత్రమున వారికి కళపై ప్రీతి లేదనవచ్చునా? ప్రీతి లేనిదే ఊరూర గుడారము మోయు ఆ బ్రదుకును ఇన్ని తరములు ఎవరు భరింతురు?

పండ్రెండవ శతాబ్దపు శరణులలో నులియ చందయ్య తాళ్లు పేనెను, మేదర కేతయ్య బుట్టలల్లెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను. వారి కాయకము వేరు, వచనము వేరు. వచనమును అమ్ముకొని బ్రదికినవారు కారు. అట్లని, పనిపాటలవారు చెప్పినవి గదా యని ఆ వచనములకు ఎవరును సడలింపు చూపలేదు. అవి ఎనిమిది శతాబ్దములు తమ బలముతోనే నిలిచినవి.

ఇంతమాత్రమున కాసు ముట్టనివాడే మిన్నయని తేల్చుకొనరాదు. శరణులు కూలిని ఏనాడును నీచముగా చూడలేదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు వలసినదానికంటె ఎక్కువ బియ్యము ఏరి తేగా, ఆ మిగులును మరల అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ పంపినదను కథ ప్రసిద్ధము. ఆమె త్రోసిపుచ్చినది ఆశను, కూలిని గాదు.

ఈ భేదము మఠములందును, గృహములందును తరచు మరుగున పడుచున్నది. జాతరలో వచనములు పాడవచ్చినవాడు ఆ పాటతోనే సంసారమీదువాడైనచో, "ఇది సేవ గదా" యని శాలువ కప్పి పంపుట న్యాయము కాదు. బస్సు చార్జీకిని, హార్మోనియము మరమ్మతునకును శాలువ చెల్లదు. ఏమి ఇయ్యవలెనో పిలుచునాడే మాటలాడుకొనుట ఇరువురికిని గౌరవము. వీథిలోని కుర్రవాడు కేవలము మక్కువతో పాడినపుడు జరుగునది వేరొక తప్పు. ఊరక పాడుచున్నాడు గదా యని, శ్రుతి తప్పినను అందరును చప్పట్లు కొట్టుదురు. నలుగురును లేచి వెళ్లిన పిమ్మట, తప్పిన చోటును మెల్లగా చూపి మరల పాడించు పెద్ద యొకడు అతని చెంత నుండవలెను.