రాకెట్ పనికి పోతున్న బిడ్డకు

యైటింక్లైన్ కాలనీ,
గోదావరిఖని.

బిడ్డా,

మంథని జేఎన్టీయూ కాలేజీ నుంచి హైదరాబాద్‌లో రాకెట్లు చేసే కంపెనీకి ఇంటర్న్‌షిప్‌కు ఎంపికయ్యావని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైంది. "బొగ్గుబాయి ఊరి నుంచి పోతున్న, పెద్ద పెద్ద కాలేజీల పిల్లల నడుమ నాకేం తెలుస్తది?" అని నువ్వు దిగులు పడుతున్నావట. ఆ దిగులు తీర్చడానికే ఈ ఉత్తరం. సింగరేణి బొగ్గుబాయిలో షిఫ్ట్ పని చూసే ఓవర్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. రాకెట్ చేయడం నాకు రాదు. కానీ ప్రాణాలతో ముడిపడ్డ పని ఎలా చేయాలో తెలుసు. నువ్వు పోయే చోట మొదట నేర్పేదీ అదే.

ముందు నువ్వు ఎక్కడికి పోతున్నావో తెలుసుకో. ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ అనే రాకెట్ కంపెనీ పెట్టారు. వాళ్ల విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. 545 కిలోల ఆ చిన్న రాకెట్టే మన దేశంలో ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొదటిది. అదే నెల 26న హైదరాబాద్‌లోనే ఉన్న ధ్రువ స్పేస్ వాళ్ల రెండు బుల్లి ఉపగ్రహాలు పీఎస్‌ఎల్‌వీ-సీ54 మీద కక్ష్య చేరాయి. వీళ్లకంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఇస్రో రాకెట్ల వికాస్ ఇంజన్‌కు ఎంటార్ కంపెనీ భాగాలు చేస్తోంది, మిధాని సంస్థ ప్రత్యేకమైన ఉక్కు పోసి ఇస్తోంది. టీవీలో కనబడేది మంట, పొగ. దాని వెనక ఉన్నది లేత్ మిషన్, వెల్డింగు, కొలత, తనిఖీ.

ఘన ఇంధనం సంగతే తీసుకో. అమ్మోనియం పెర్క్లోరేట్, అల్యూమినియం పొడి, రబ్బరులాంటి బైండర్ కలిపి ముద్ద చేస్తారు. రాకెట్ గొట్టంలో పోసి రోజుల తరబడి వేడిలో గట్టిపడనిస్తారు. ఒకసారి అంటుకుంటే దాన్ని ఆర్పే దారి లేదు. లోపల ఒక పగులు ఉంటే మంటకు అదనంగా చోటు దొరుకుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, గొట్టమే పగిలిపోవచ్చు. అందుకని కంటికి కనబడని పగుళ్లను, పొర విడిచిన చోట్లను ఎక్స్‌రేతో, అల్ట్రాసోనిక్ పరీక్షతో వెతుకుతారు.

బాయిలో రక్షణ చూసే మా సర్దార్ చేసేదీ ఇదే. షిఫ్ట్ మనుషులు పనిలోకి దిగకముందే తను లోపలికి పోతాడు. ఒక అరచేయి రూఫ్‌కు ఆనించి, రెండో చేతిలోని కర్రతో దాన్ని కొడతాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిచిన రాయి డొల్లగా పలుకుతుంది, అరచేతికి అదురు తెలుస్తుంది. నీకక్కడ కర్రకు బదులు ప్రోబ్ ఇస్తారు, చప్పుడుకు బదులు తెర మీద గీత కనబడుతుంది. మొదటి వారమంతా ఆ గీతలే చూడమంటే చిన్న పని అనుకోవద్దు.

చిన్న వస్తువు ఎంత పని చేస్తుందో చెబుతా. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 లేచింది. మొదటి రెండు దశలు బాగానే పనిచేశాయి. మూడోదైన క్రయోజెనిక్ దశ అంటుకోలేదు, ఉపగ్రహం పోయింది. ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి తగ్గిపోయింది. విచారిస్తే, ఒక వాల్వ్‌లోని మెత్తటి సీల్ దెబ్బతిని ఉండవచ్చని తేలింది. నీ చేతికి వచ్చే ప్రతి వాషర్‌నూ, ప్రతి సీల్‌నూ ఈ సంగతి మనసులో పెట్టుకుని చూడు.

చూసింది రాయాలి. బాయిలో ఓవర్‌మ్యాన్ రాసిన రిపోర్టు తర్వాతి షిఫ్ట్ ఓవర్‌మ్యాన్ చదివి సంతకం పెట్టాకే దిగుతాడు. నువ్వూ ఏ భాగం నంబరు, ఏ పరికరంతో కొలిచావు, ఎంత వచ్చింది, ఎవరు పక్కనున్నారు అన్నది అప్పటికప్పుడే రాయి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే అది ఊహ అవుతుంది. రావలసిన అంకె రాలేదని దిద్దకు, వచ్చిందే రాయి. కంపెనీ డ్రాయింగులను ఫోన్‌లో ఫొటో తీయకు, స్నేహితులకు కూడా చెప్పకు.

అనుమానం వస్తే ఆపమని అడగాలి. బాయి గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు తీసి మనుషులను వెనక్కి పిలవాలని గని చట్టం. బొగ్గు టార్గెట్ ఎంతున్నా సరే. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్షా రాకెట్‌ను లేవడానికి 5 సెకన్ల ముందు కంప్యూటరే ఆపేసింది. లోపం చూసి సరిచేసి అదే పొద్దున 10 గంటలకు ఎగరేశారు. ఆపడం వల్ల ఎవరి పరువూ పోలేదు.

ఈ మాటలు ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2003 జూన్ 16న మన గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనం అంటుకుని ఆరుగురు పోయారు. ఎనిమిది నెలల తేడా. బాయి అయినా రాకెట్ అయినా, పొద్దున పనికి పోయిన మనిషి సాయంత్రం ఇల్లు చేరాలి. ఇంజనీరుకు అంతకుమించిన బాధ్యత లేదు.

అక్కడ ఇంజనీర్ల కన్నా ముందు టెక్నీషియన్లతో కలిసిపో. అన్నా, అక్కా అని పిలిచి అడుగు. టార్క్ రెంచ్ పట్టే తీరు, మెటల్ వాసన, మిషన్ చప్పుడులో తేడా వాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. అర్థం కానిది అర్థం కాలేదనే చెప్పు. చివర్లో కాలేజీకి ఇచ్చే రిపోర్టులో కంపెనీ చరిత్ర నాలుగు వాక్యాలు చాలు. నువ్వు స్వయంగా కొలిచినది, దానివల్ల తేలినది రాయి.

ఏ ఊరు అని అడిగితే గోదావరిఖని అని తలెత్తి చెప్పు. ఇక్కడి మనుషులు జాగ్రత్తను ప్రాణాలు పెట్టి నేర్చుకున్నారు. దాన్ని నీతోపాటు పట్టుకుపో.

నీ పెద్దబాపు