అరటి క్లోన్, శిలీంధ్రం మెర్జ్

రాయదుర్గం మెట్రో నుంచి ఆఫీసుల వైపు నడిచే దారిలో బండ్ల మీద పొడుగాటి అరటిపళ్ళు కనిపిస్తాయి కదా, వాటిలో ఎక్కువ భాగం గ్రాండ్ నైన్ రకం. దానికి విత్తనం లేదు. పిలకలతోనో, టిష్యూకల్చర్‌తోనో పెంచుతారు. అంటే తోటలోని వేల చెట్లూ జన్యుపరంగా దాదాపు ఒకే చెట్టు. మన సీఎస్ఈ వాళ్ళ భాషలో, వేల సర్వర్లలో ఒకటే బిల్డ్. ఒక దాంట్లో దూరగలిగినవాడు అన్నిట్లోనూ దూరతాడు.

ఇక్కడ దూరేది సిగటోక ఆకుమచ్చ తెగులు. ఫిజీ దేశంలోని ఒక లోయ పేరు దీనికొచ్చింది. ఆకు మీద సన్నటి చారలు మచ్చలై, కలిసిపోయి, ఆకు ఎండిపోతుంది. గెల వేశాక అరటికి కొత్త ఆకు రాదు. ఉన్న ఆకులే కాయల్ని నింపాలి, అందుకే రైతుకి అంత భయం. దీనికి కారణమయ్యే దగ్గరి బంధువులు ముగ్గురు: సూడోసెర్కోస్పోరా మ్యూసే (జావాలో 1902లో గుర్తించారు), ఫిజియెన్సిస్ (ఫిజీలో 1963), యూమ్యూసే (దక్షిణ భారతంలోనూ దొరికింది). మచ్చ చూసి ఏది ఏదో చెప్పడం కష్టం, డీఎన్ఏ చూడాల్సిందే.

ఇప్పుడు అసలు పాఠం. ఈ శిలీంధ్రం రెండు రకాలుగా పెరుగుతుంది. కొనీడియా అనే బీజాలు తల్లికి నకళ్ళు. ఆస్కోస్పోర్లు మాత్రం రెండు వేర్వేరు మేటింగ్ టైపులు కలిస్తేనే పుడతాయి, గాలిలో దూరం పోతాయి. మొదటిది గిట్ క్లోన్, రెండోది మెర్జ్. తోటలో ఏది ఎక్కువ జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

లెక్క కోసం 100 శాంపిళ్ళు అనుకుందాం. ఒక జీన్‌లో 'ఎ' రూపం 50 శాతం, ఇంకో జీన్‌లో 'బి' రూపం 50 శాతం. మెర్జ్ బాగా జరిగితే రెండూ ఉన్నవి 0.5 × 0.5, అంటే 25 దొరకాలి. అంతా క్లోన్లే అయితే ఎ ఉన్న ప్రతిదాంట్లోనూ బి ఉండి 50 దొరకొచ్చు. 0.50 − 0.25 = 0.25. ఈ తేడానే లింకేజ్ డిసీక్విలిబ్రియం అంటారు. (పేరు చూసి పారిపోకండి, ప్రాబబిలిటీ మొదటి యూనిట్టే ఇది.) ఒక్క జతతో తేల్చరు, చాలా మార్కర్లు చూస్తారు.

ఫిజియెన్సిస్ విషయంలో జన్యు వైవిధ్యం ఆగ్నేయాసియా వైపు ఎక్కువ. 1972లో హోండురాస్‌లో బయటపడ్డాక లాటిన్ అమెరికా అంతా పాకిన జనాభాలో అది తక్కువ. కొద్దిమందితో మొదలైన ఊళ్ళో అవే ఇంటిపేర్లు కనిపించినట్టు. దీన్నే ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. వైవిధ్యం తగ్గితే బలం తగ్గుతుందని నేనూ అనుకునేవాణ్ణి. కానీ మెర్జ్ ఆగలేదు, అక్కడే ఉంది చిక్కు.

రావులపాలెం దగ్గర మా బాబాయి అరటి వేస్తాడు. "ఈసారి మందు మార్చాన్రా" అన్నాడు ఫోన్లో. డబ్బా మీద పేరు చదవమన్నాను. పోయినేడాది ప్రొపికొనజోల్, ఈ ఏడు టెబుకొనజోల్. రెండూ ట్రయజోల్ గ్రూపే, రెండూ కొట్టేది సిప్51 అనే జీన్ తయారుచేసే ఒకే ఎంజైమ్‌ని. కోస్టారికా తోటల్లో ఈ మందులకు లొంగని రకాల్ని పరీక్షిస్తే, కొన్నింటిలో ఆ జీన్‌లోనే అక్షరాలు మారాయి, కొన్నింటిలో జీన్ ముందున్న ప్రోమోటర్‌లో చిన్న ముక్క రిపీటై ఎంజైమ్ ఎక్కువ తయారవుతోంది. ఇలాంటి రెండు మార్పులూ విడివిడిగా పుట్టినా, ఆస్కోస్పోర్ల దారిలో ఒకే శిలీంధ్రంలోకి చేరగలవు. ఒకే గ్రూపు మందు కొడుతూ పోతే మిగిలేవి అవే.

బాబాయికి లింకేజ్ గొడవంతా చెప్పలేదు. డబ్బా మార్చడం కాదు, గ్రూపు మార్చమన్నాను. ఎండిన ఆకులు కోసి తోటలోంచి తీసెయ్యమన్నాను, ఆస్కోస్పోర్లు తయారయ్యేది వాటిలోనే. "కూలీ ఖర్చు ఎవడిస్తాడు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆసక్తి ఉన్నవాళ్ళకి: ఫిజియెన్సిస్ సిప్51 సీక్వెన్సులు ఎన్‌సీబీఐలో ఉచితంగా దొరుకుతాయి. పైథాన్‌లో అలైన్ చేసి ఏ అక్షరం ఎక్కడ మారిందో చూడటానికి ఒక ఆదివారం చాలు.